తిరగేసిన బండలు

మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటి గేటు తీసుకుని లోపలికి వచ్చారు. వికారాబాదు దగ్గరి ఒక ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్నారట. డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరైన ఒకావిడ ఈ వీధిలో ఒంటరిగా ఉంటుందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లకు డిజైన్ థింకింగ్ అని కొత్తగా ఒక పాఠం పెట్టారు. ముందుగా ఒక మనిషి కష్టాన్ని ఆ మనిషి చోట నిలబడి తెలుసుకోవాలి. ఆ కష్టం అసలు ఏమిటో తేల్చుకోవాలి. తర్వాత ఉపాయాలు ఆలోచించి, ఒక నమూనా చేసి, అది పనికొస్తుందో లేదో ఆ మనిషి చేతనే వాడించి చూడాలి. పనికిరాకపోతే మళ్లీ మొదటికి రావాలి. వినడానికి నాకు బాగానే ఉంది. అయితే వీళ్ల వంతుకు 'వృద్ధులు' వచ్చారట. అంటే నేను.

వాళ్లలో శ్రావణి అనే అమ్మాయి చురుకైనది. ఫోను నా ముందు బల్ల మీద పెట్టి, "మేడం, రోజూ మీకు ఏమేం సమస్యలొస్తయో జర చెప్పుండ్రి," అంది.

"నాకేం సమస్యల్లేవు బిడ్డా."

ఆ పిల్ల ముఖం కాస్త చిన్నబోయింది. పక్కనున్న స్నేహితురాలి వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగింది. "నీళ్లు తాగుడు మరిచిపోతుంటరా మేడం? చానమంది పెద్దోళ్లు మరిచిపోతరంట. అందుకే మేము ఒక యాప్ చేద్దామనుకుంటున్నం. జరసేపు అయితే చాలు, మోగుతది. నీళ్లు తాగుమని యాది చేస్తది."

"మరిచిపోతరని మీకెవరు చెప్పిండ్రు?"

"నెట్‌ల ఉన్నది మేడం."

నాకు కోపం వచ్చింది. ఆ పిల్లల మీద కాదు, వాళ్లు మంచి పిల్లలే. ఇంట్లోకి అడుగుపెట్టకముందే నా రోగం తేల్చేసి, మందు కూడా తయారుచేసుకుని, ఇక నేను తల ఊపడమే మిగిలినట్టు కూర్చున్నారు చూడండి, దాని మీద. వాళ్లకు చాయ్ పోసి ఇచ్చాను. వెళ్లేటప్పుడు, "మళ్ల రాండ్రి. కానీ ఫోన్లు సంచిల పెట్టుకొని రాండ్రి. ఏం చేయాల్నో ముందుగాల అనుకొని రాకుండ్రి," అని చెప్పాను. వాళ్లు వెళ్లిపోయినా నా కోపం చల్లారలేదు. ఎందుకంటే మా ఇంట్లోనూ ఒకప్పుడు నీళ్లు తాగని మనిషి ఒకామె ఉండేది. ఆమె ఒక్క పూట కూడా ఆ సంగతి మరిచిపోలేదు.

మాది తాండూరు. ఊరి చివర మా నాయనకు బండలకు పాలిషు పట్టే చిన్న యూనిట్ ఉండేది. గనుల నుంచి వచ్చిన గరుకు బండలను మిషను కింద పెట్టి, నీళ్లు పోస్తూ అరగదీస్తే, లోపలి నీలం రంగు మెల్లగా పైకి తేలేది. నాయన సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు, ముంజేతుల మీది వెంట్రుకలు తెల్లగా పొడి పట్టి ఉండేవి. ఆయన బట్టలకు ఒక వాసన ఉండేది. తడిసిన సున్నం కన్నా చల్లగా, కొంచెం ఇనుము కలిసినట్టు. అమ్మ ఎంత ఉతికినా అది పోయేది కాదు. మా వీధి చివర పప్పు మిల్లు. కందులు వచ్చే కాలంలో పొట్టు గాలికి లేచి, ఆరేసిన బట్టల మీదా, మూత పెట్టని గిన్నెల్లోనూ పడేది. వీధంతా తుమ్ముతూ ఉండేవాళ్లం. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. ఆ చప్పుడు ఆగిందంటే రొట్టె పెనం మీదికి వెళ్లిందని అర్థం. మళ్లీ మొదలయ్యేలోగా లేచి ముఖం కడుక్కోకపోతే తిట్లు పడేవి.

నాయనమ్మ కర్ణాటక సరిహద్దు అవతలి పల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి. బతుకంతా తాండూరులో గడిచినా, మనసు బాగా లేనప్పుడు ఆమె నోటికి కన్నడమే వచ్చేది. నా పేరు సుగుణ అయితే ఆమె నన్ను సుగ్గీ అని పిలిచేది. సుగ్గి అంటే వాళ్ల పుట్టింటి వైపు పంట ఇంటికొచ్చే కాలమట. ఒక చిన్న రేకు డబ్బాలో పొగాకు పెట్టుకునేది. పాత చీరలన్నీ చింపి బొంతలు కుట్టేది. పడుకోబోయే ముందు పగిలిన మడమలకు ఆముదం రాసుకునేది. ఆమె మంచం వెనక తలుపు పక్కనే ఉండేది. ఆ తలుపు తీస్తే పెరడు, పెరడు దాటితే ఆ చివర పాయఖానా. ఆ రోజుల్లో ఇళ్లలో అది ఎంత దూరంగా ఉంటే అంత మర్యాద అనుకునేవాళ్లు.

పెరడు అంతకుముందు మట్టిది. అమ్మ పేడతో అలికేది. ఒక ఏడాది వ్యాపారం బాగా సాగిందేమో, నాయన తన యూనిట్‌లోని మేలు రకం నీలి బండలు ఏరి తెచ్చి, వెనక తలుపు నుంచి పాయఖానా దాకా పెరడంతా పరిపించాడు. పనివాళ్లు అయిపోయిందని లేచాక కూడా ఆయన మోకాళ్ల మీద కూర్చుని బండ బండకూ అరచేయి ఆనించి చూసుకున్నాడు. అందులో ఆయన ముఖం కనబడింది. ఆయన అంత సంతోషంగా నవ్వడం నేను అదివరకు చూడలేదు. ఆ తర్వాత ఊళ్లోకి ఎవరు బేరానికి వచ్చినా, "జర మా ఇంటికొచ్చి పోండ్రి, వెనక పెరడు చూద్దురు," అని తీసుకొచ్చేవాడు. బండలు తడిగా ఉంటేనే రంగు బాగా తేలుతుంది కాబట్టి, అమ్మ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం బిందెలకొద్దీ నీళ్లు చల్లి కడగాల్సి వచ్చేది. ఆ నీళ్లు ఎక్కడివక్కడ నిలిచి అద్దంలా మెరిసేవి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి ముక్కున వేలేసుకునేవాళ్లు.

నాయనమ్మకు ఆరోగ్యం చెడింది ఆ ఎండాకాలంలోనే. ఊరికే కళ్లు తిరగడం, పొత్తికడుపులో మంట, సాయంత్రమైతే జ్వరం. డాక్టరు నాలుక చూసి, చేతి మీది చర్మం పైకి లాగి చూసి, "నీళ్లు తాగుతలేవమ్మా. మందులు తర్వాత, ముందుగాల నీళ్లు తాగు," అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. అమ్మ చెంబు నిండా నీళ్లు మంచం దగ్గర పెట్టేది. నాయన పోతూ వస్తూ కసిరేవాడు. "ఏం లోటు చేసిన్నే అమ్మా నీకు? ఇల్లంత అద్దం లెక్క చేసి పెట్టిన. గుక్కెడు నీళ్లు తాగవేందే?" నాయనమ్మ గోడ వైపు తిరిగి, "బేడ," అనేది. వద్దు, అంతే. వయసు మీద పడిందనీ, మొండితనం వచ్చిందనీ, మతి సరిగా పని చేయడం లేదనీ ఇంట్లోవాళ్లు, వచ్చిపోయే చుట్టాలు ఆమె ఎదుటే మాట్లాడుకునేవాళ్లు. మంచం మీది మనిషికి చెవులుంటాయని ఎవరికీ తోచేది కాదు.

చెంబు మాత్రం సాయంత్రానికి ఖాళీ అవుతూనే ఉండేది. అదే మాకు అంతుపట్టని విషయం. అప్పుడు బడికి సెలవులు. నేను నాయనమ్మ మంచం కిందే చాప వేసుకుని బొమ్మలు గీసుకుంటూ ఉండేదాన్ని. ఆమె తలాపున కిటికీలో ఒక డాల్డా డబ్బాలో బంతి మొక్క ఉండేది. ఎండాకాలంలో ఊరంతా మొక్కలు వాడిపోతుంటే ఆ మొక్క మాత్రం నీళ్లు ఎక్కువై కుళ్లిపోతోంది. ఆకులు పసుపెక్కి, మొదలు మెత్తబడి, మట్టి పైదాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. నేను డబ్బా వైపు చూశాను. తర్వాత నాయనమ్మ వైపు చూశాను. ఆమె నన్ను చూసి దొంగలా నవ్వి, నోటి మీద వేలు పెట్టుకుంది. ఆమె నీళ్లు మరిచిపోవడం లేదు. అందరి కళ్లూ కప్పి, కష్టపడి, వాటిని తప్పించుకుంటోంది. అంత దాహంలో ఒక మనిషి అంత పని ఎందుకు చేస్తుంది?

అడిగాను. చెప్పలేదు. బతిమాలాను. "నీకెందుకు సుగ్గీ, ఆడుకోపో," అంది. ఇక అడగడం మానేశాను. ఆమె ఏం చేస్తే అది చేయడం మొదలుపెట్టాను. ఆమె లేచినప్పుడు లేచాను, కూర్చున్నప్పుడు కూర్చున్నాను, ఎటు చూస్తే అటు చూశాను. మంచం మీద ఆమె పక్కన పడుకుని ఆ తలుపు లోంచి చూస్తే కనబడేది ఒక్కటే, ఆ పెరడు. రోజంతా ఆమె చూపు దాని మీదే. అమ్మ నీళ్లు కుమ్మరించగానే ఆమె దవడ బిగుసుకునేది. ఎండకు ఏ మూలన్నా బండ ఆరి తెల్లబడితే ఆ మూలనే చూస్తూ ఉండేది. ఆరడం పూర్తయ్యేలోగా నాయన ఎవరినో వెంటబెట్టుకుని వచ్చేవాడు, అమ్మ మళ్లీ బిందె ఎత్తేది. తెల్లవారుజామున, అమ్మ ఇంకా లేవకముందు, నాయనమ్మ ఒక్కసారి గోడ పట్టుకుని పాయఖానాకు వెళ్లొచ్చేది. తర్వాత రోజంతా ఇక వెళ్లాల్సిన అవసరం రాకుండా చూసుకునేది. అవసరం రాకుండా చూసుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

తెలిసినా నాకు నమ్మకం కుదరలేదు. నేను ఆ బండల మీద పరుగెత్తేదాన్ని కదా, నాకేమీ కాదు కదా. అందుకని ఒక మధ్యాహ్నం అమ్మ బట్టలు ఉతుక్కునే వేళ నాయనమ్మ సీసాలోని ఆముదం నా అరికాళ్లకు రాసుకున్నాను. ఆమె మోకాళ్లు సరిగా వంగవు కాబట్టి నా మోకాళ్లకు పాత చీర పీలికలు బిగించి కట్టుకున్నాను. తడి బండ మీద అడుగు పెట్టాను. మొదటి అడుగుకే కాలి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి, దేన్నో పట్టుకోవాలని. పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండో అడుగులో కింద ఆకాశం కనబడింది, పైన కూడా ఆకాశమే కనబడింది. పడ్డాను. మోచేయి చితికింది.

తలుపు దగ్గర నాయనమ్మ నిలబడి ఉంది. ఆమె కళ్లలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "నన్ను ఎక్కిరిస్తున్నవా సుగ్గీ? నువ్వు గూడనా?"

"ఎక్కిరిస్తలేను నాయనమ్మా," అన్నాను. ఏడుపు వచ్చేసింది. "నీకెట్లుంటదో చూస్తున్న. మస్తు భయమైతున్నది."

ఆమె తలుపు వదిలి పక్కకు జరిగింది. లోపలికి రమ్మని సైగ చేసింది. మోకాళ్ల కట్లు విప్పింది, మోచేతికి పసుపు అద్దింది. ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసి, చీర కుచ్చెళ్లు పక్కకు జరిపి తన తుంటి చూపించింది. అక్కడ పెద్ద మచ్చ, నల్లబడి, అంచుల్లో పచ్చగా మారుతోంది. ఎప్పుడో పడింది. ఎవరికీ వినబడకుండా లేచి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. "నీ నాయనకు చెప్పకు. వాడు ఎంత ఇష్టంతోని ఏసిండు. ఊరంత మెచ్చుకుంటుండ్రు. నా కొడుకు ఏసిన బండ మీద నేనే పడ్డనంటే ఎట్లుంటది? ఒట్టెయ్యి." నేను ఒట్టు వేశాను. కొడుకు సంతోషాన్ని చెడగొట్టడం కంటే దాహంతో ఉండడం మేలని ఆమె నిర్ణయించుకుంది. దానికి మా ఇంట్లో పెట్టిన పేరు మొండితనం.

చెప్పకూడదు కాబట్టి చేయాల్సి వచ్చింది. ముందుగా గోనె సంచులు పరిచాను. అవి నీళ్లు పీల్చుకుని బండ మీద ఇంకా సులువుగా జారాయి. సాయంత్రానికి కంపు కొడుతున్నాయని అమ్మ తీసి బయట పడేసింది. తర్వాత తలుపు గొళ్లెం నుంచి పాయఖానా తలుపు దాకా బావి తాడు కట్టాను. అది బాగా పనిచేస్తుందని నాకు గట్టి నమ్మకం. నాయనమ్మ దాని వైపు చూసి, "నేనేమన్న బర్రెనా, తాడు పట్టుకొని పోవుడుకు?" అంది. వచ్చిన చుట్టాలందరూ చూస్తుండగా తాడు పట్టుకుని ఎక్కడికి పోతున్నదీ లోకానికి చాటుకుంటూ నడవడం ఆమెకు చావుతో సమానం. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆమె జారుతుందనే ఆలోచించాను, ఆమె సిగ్గుపడుతుందని ఆలోచించలేదు. తాడు విప్పేశాను. ఈ పాఠం ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు. నాకు మాత్రం బర్రె మాటతోనే వచ్చింది.

రోజూ మధ్యాహ్నం నాయనకు సద్ది తీసుకుని యూనిట్‌కు వెళ్లేదాన్ని. అక్కడ నేలంతా రాతిపొడి కలిసిన తెల్లటి బురద. ఆ బురద మీద దారి కోసం పాడైపోయిన పాలిషు బండలు వేసి ఉండేవి. మెరిసే వైపు కిందికి, గరుకు వైపు పైకి. పనిచేసే ఆడవాళ్లు నెత్తిన బిందెలతో వాటి మీద కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోయేవాళ్లు. ఎన్నో ఏళ్లుగా నేనూ వాటి మీదే నడుస్తున్నాను. ఆ రోజు సద్దిగిన్నె పట్టుకుని ఒక బండ మీద ఆగిపోయాను. చెప్పులు విప్పి అరికాలు ఆనించి చూశాను. బురదలో ఉన్నా కాలు కదల్లేదు. ప్రతి బండకూ రెండు ముఖాలుంటాయి. మా పెరట్లో పైకి ఉండాల్సిన ముఖం భూమిలోకి చూస్తోంది.

మర్నాడు నాయన వెళ్లగానే గడ్డపార తెచ్చాను. పెరడంతా కాదు, తలుపు నుంచి పాయఖానా దాకా ఒక మనిషి నడిచేంత వెడల్పు చాలు. బండలు ఇసుక మీద పరిచి, సందుల్లో మాత్రమే సిమెంటు పూశారు. మొదటి బండ సందు పగలగొట్టి గడ్డపార దూర్చి పైకి లేపబోతే అది వేలెడు లేచి మళ్లీ కూలబడింది. మళ్లీ దూర్చాను. మళ్లీ కూలబడింది. చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతులకు జొన్నపిండి. నేను ఏం చేస్తున్నానో చూసింది. తలుపులో నిలబడ్డ నాయనమ్మను చూసింది. ఆమె కాళ్లను చూసింది. అమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తన చేత్తో పోసిన నీళ్లన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయనుకుంటాను. నాయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని నా పక్కకు వచ్చింది.

"ఒక్కదానివి లేపలేవు. జరుగు," అంది.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. రెండు బండలు విరిగాయి. తిరగేసిన వైపు మట్టి మరకలు, ఎగుడుదిగుడు పొరలు. చుట్టూ మెరిసే నీలం మధ్యలో ఆ దారి పాత గాయంలా కనబడింది. నిజం చెప్పాలంటే అందంగా లేదు. నాకు మాత్రం ఇప్పటికీ అంతకంటే మంచి నేల ఎక్కడా కనబడలేదు.

సరిగ్గా ఆ సాయంత్రమే నాయన ఇద్దరు బేరగాళ్లను తీసుకొచ్చాడు. తలుపు తీసి, "చూడుండ్రి," అన్నవాడు అలాగే ఆగిపోయాడు. వాళ్లను ముందు గదిలో కూర్చోబెట్టి తిరిగి వచ్చాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు. "ఎవరు చేసిండ్రు గిది?"

"నేనే."

"ఎందుకు?"

ఒట్టు ఉంది కదా.

"ఊరికి బండలు అమ్మేటోని ఇంట్ల బండలు ఉల్టా ఉంటయా? నా ఇజ్జత్ తీయాలని చేసినవా? రేపు పనోళ్లను పిలుస్త. పొద్దుగూకేవరకు సీదా కావాలె."

"సీదా చేపిస్తే మళ్ల తిరగేస్త."

చెంప పగిలింది. అమ్మ ముందుకు వచ్చింది, నాయన ఆమెను చేత్తో ఆపాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ ఆ బండల మీద నుంచి కదల్లేదు. "మళ్ల తిరగేస్త," అన్నాను. ఆ రెండో మాట అన్నందుకు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. మొదటిది ఎవరైనా అంటారు. దెబ్బ పడ్డాక కూడా అదే మాట అనాలి.

అప్పుడు నాయనమ్మ మంచం దిగింది. "కోడలా, నీళ్లియ్యి," అంది. అమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది. అందరం చూస్తుండగా ఆమె తలెత్తి గటగటా ఆ చెంబెడు నీళ్లూ తాగింది. గొంతు కదలడం కనబడింది. చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుని, గోడ పట్టుకోకుండా, ఎవరి చేయీ పట్టుకోకుండా, ఆ గరుకు దారి మీద పాయఖానా తలుపు దాకా నడిచింది. తలుపు తాకి వెనక్కి నడిచి వచ్చింది. నాయన ఆమె పాదాలనే చూస్తున్నాడు. బండ మీది నుంచి తల్లి కాళ్ల దాకా, కాళ్ల నుంచి ఖాళీ చెంబు దాకా ఆయన చూపు మెల్లగా ప్రయాణం చేయడం నేను చూశాను. ఆయన ముఖం తెల్లబడింది.

నాయనమ్మ కొడుకు ముందు ఆగి ఆయన భుజం మీద చేయి వేసింది. "నీ బండ మంచిదే బిడ్డా. నా కాళ్లే మంచియి కావు," అంది.

"కాదు," అని నేను అరిచాను. "నీ కాళ్లు మంచియే. ఏసుడే తప్పు ఏసిండ్రు."

ఈసారి నాయన నన్ను కొట్టలేదు. ముందు గదిలోకి వెళ్లి బేరగాళ్లతో, "పెరట్ల పని ఇంకా ఒడువలే," అన్నాడు. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా, ఎవరు వచ్చి అడిగినా ఆయన చెప్పింది అదే, పని ఇంకా ఒడవలేదని, పూర్తి కాలేదని. పనివాళ్లను మాత్రం పిలవలేదు. నాతో వానలు పడేదాకా సరిగా మాట్లాడలేదు. క్షమించమని నన్ను అడగలేదు, నేనూ ఆయన్ను అడగలేదు. నాయనమ్మ జ్వరం తగ్గింది. కిటికీలో కొత్త బంతి మొక్క నాటింది. ఆ తర్వాత చాలా కాలం బతికింది. చివరి దాకా తన కాళ్ల మీద తానే ఆ పెరడు దాటింది.

ఆమె అన్న ఆ మాట, కాళ్లే మంచివి కావన్న మాట, నేను జీవితాంతం వింటూనే వచ్చాను. మనుషులు ఎక్కడ చూసినా అదే అంటారు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటే తమ మోకాళ్లను తిట్టుకుంటారు. ఆఫీసులో రాసిన భాష అర్థం కాకపోతే తమ చదువును తిట్టుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రైలెక్కి ధారూరు బడికి వెళ్లేదాన్ని. అక్కడ వెనక వరుస పిల్లలను మొద్దులనేవాళ్లు. నేను వెళ్లి వాళ్ల మధ్య నేల మీద కూర్చుని చూస్తే, కిటికీ వెలుతురు కొట్టి నల్లబల్ల సగం కనబడటమే లేదు. కిటికీకి నా పాత చీర కట్టాను. బడి అందం చెడిందని హెడ్మాస్టరు కోప్పడ్డాడు. చీర విప్పించాడు. మళ్లీ కట్టాను. నాకు మంచి టీచరనే పేరు రాలేదు, పెంకిదనే పేరు వచ్చింది. ఆ పేరు నాకు బాగానే నప్పింది.

అందుకే ఆ పాఠం గురించి విన్నప్పుడు నాలో రెండు రకాల మాటలు లేచాయి. ఇంకొకరి చోట నిలబడడం ఒక మెట్టు అనీ, అది వారంలో ముగించి తర్వాతి మెట్టు ఎక్కవచ్చనీ అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎదుటి మనిషి నీ మీద కోప్పడాలి, నువ్వు తెచ్చిన తాడును విసిరికొట్టాలి, నీ మోచేయి కూడా కొంచెం చితకాలి. ఫోను బల్ల మీద పెట్టి 'మీ సమస్య చెప్పండి' అంటే ఎవరు చెబుతారు? అయితే రెండో మాట కూడా ఉంది. మా కాలం గొప్పదని నేను చచ్చినా అనను. మా కాలంలో ఒక ముసలామె కొడుకు మనసు నొచ్చుతుందని దాహంతో పడి ఉండింది, ఎందుకని అడిగినవాళ్లు లేరు. ఆలోచించి చేసినందుకు నాకు దెబ్బ పడింది. ఇప్పుడు అదే పనికి పిల్లలకు మార్కులు వేస్తున్నారు. వేయనివ్వండి. తరగతి గదిలో నిలబడి, తప్పు మనిషి కాళ్లలో ఉందా వేసిన బండలో ఉందా చూడమని ఒక మాస్టారు చెబుతున్నాడంటే, ఆ మాట ఏ భాషలోంచి వచ్చినా, దానికి ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

శ్రావణి మళ్లీ వచ్చింది, ఈసారి ఒక్కతే. ఫోను సంచిలోనే ఉంచింది. నేను చిక్కుడుకాయలు తుంపుతుంటే తనూ ఒక గుప్పెడు ముందుకు లాక్కుని తుంపుతూ కూర్చుంది. నాయనమ్మ సంగతి మొత్తం చెప్పాను. అంతా విని, "మా తాత గొర్లకాపరి మేడం. కుల్కచర్ల దిక్కు మా ఊరు," అంది. "చెవులు సరిగ్గ వినొస్తలేవు. అందరం కూడి చెవికి మిషను పెట్టిచ్చినం. ఒక్కపూట పెట్టుకొని తీసి గూట్ల పడేసిండు. మేమంత రోజూ తిడుతనే ఉంటం, నేను గూడ."

"ఎందుకు పెట్టుకుంటలేడు?"

"అడిగితే ఏం చెప్పడు మేడం. ఉత్తగనే అంటడు."

"నువ్వు ఆయన ఎంబడి గొర్ల కాడికి పోయి ఎన్ని రోజులాయె?"

ఆమె చిక్కుడుకాయ తుంపడం ఆపింది.

నేను ఆ మాట పొడిగించలేదు. ఆమె తాత చెవిలో ఏముందో నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడే హక్కు నాకు లేదు. కాలేజీలో ఆ యాప్ పని గడువు దగ్గర పడిందనీ, అందరూ తమ నమూనాలు తెర మీద చూపించాలనీ మాత్రం చెప్పి వెళ్లింది. చూపించాల్సిన రోజున స్నేహితురాలు ఒక్కతే చూపించింది కాబోలు. శ్రావణి ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు. పొద్దున్నే కుల్కచర్ల బస్సెక్కింది.

మధ్యాహ్నం నాకు ఫోను చేసింది. గాలి హోరు, గొర్ల అరుపులు, ఎక్కడో గంట చప్పుడు. మాట సరిగా వినబడలేదు.

"సార్‌కు చెప్పిన మేడం, నాకు ఇంకా మొదటి పనే ఒడువలేదని. మార్కులు పోతయన్నడు. పోతే పోనియ్యిండ్రి సార్ అన్న."

"తాత ఏమంటున్నడు?"

"ఏమంటలేడు. ఎందుకొచ్చినవని గూడ అడుగలే. ముంగట నడుస్తున్నడు," అంది రొప్పుతూ. "నేను చెవులల్ల దూది పెట్టుకొని ఎనక నడుస్తున్న. మీరు మాట్లాడేది నాకు సగం వినొస్తలేదు మేడం, పెట్టేస్త."

పెట్టేసింది. నేను మళ్లీ చేయలేదు.